తలగడ గలీబులో తోటకూర

మూడు లేసు పువ్వులు అరచేతిలో పెట్టుకుని మా మనవరాలు నిస్సీ నా కుర్చీ ముందు నిలబడి, "తాతయ్యా, ఇవి తెల్లవా, పింకువా?" అని అడిగింది. జవాబు అంత తేలిక కాదు. అవి తెల్లగా పుట్టిన పువ్వులే. తోటకూర పుణ్యమా అని ఎర్రబడి, నిమ్మకాయ ధాటికి తెల్లబోయి, ఆ రెండింటికీ మధ్య ఎక్కడో రాజీపడ్డాయి. ఆ రోజు నా మొహం కూడా అదే వరసలో రంగులు మారింది కాబట్టి నాకు బాగా గుర్తు. అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె మా ఇంటికి చేరింది గానీ, అందులోని పాత పాటల పుస్తకం విప్పి చూసే ధైర్యం నాకు ఇన్నాళ్ళూ లేకపోయింది. ఏడేళ్ళ పిల్లకు అలాంటి మొహమాటాలు ఉండవు. వచ్చిన మర్నాడే పెట్టె తెరిచి, పుస్తకం దులిపి, నా బాల్యాన్ని నేల మీద పడేసింది.

నిస్సీ మా అమ్మాయి శాంతి కూతురు. వేసవి సెలవుల్లో దాన్ని పది రోజులు మా దగ్గర రాజమండ్రిలో దిగవిడిచి, తను విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్ళిపోవడానికి శాంతి వచ్చింది. వస్తూ వస్తూ ఒక బాధ్యత కూడా బ్యాగుతో పాటు గుమ్మంలో దించింది. పిల్లకు రక్తం తక్కువగా ఉందని డాక్టరు గారు చెప్పారట. మందు రాసిస్తూనే, ఆకుకూరలు బాగా పెట్టమన్నారట. పిల్లేమో పచ్చగా కనిపించిన దేన్నీ నోటి దరిదాపులకు రానివ్వదు. శాంతి తెలివైనదే. పాలకూరని మిక్సీలో వేసి దోసెల పిండిలో కలిపింది. మెంతికూరని చపాతీలో దాచింది. ఒకసారి కేకులో కూడా ఏదో ఆకు పెట్టిందట, ఏ ఆకో అడిగే సాహసం నేను చేయలేదు. ఎన్నాళ్ళు సాగుతుంది? ఒకరోజు పిల్ల వంటింట్లోకి వచ్చి, మిక్సీలో తిరుగుతున్న పాలకూరని కళ్ళారా చూసింది. ఆ రోజు నుంచి తెల్లటి ఇడ్లీని కూడా కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి గానీ తినడం లేదు.

"నాన్నా, ముప్ఫై ఏళ్ళు తెలుగు మాస్టారుగా చేశారు. వందలమందికి ఛందస్సు మింగించారు. దీనికి నాలుగు ముద్దలు ఆకుకూర మింగించలేరా?" అంది శాంతి.

"ఛందస్సుకి మార్కులుండేవమ్మా."

"దీనికీ ఉంటాయి. నేను తిరిగొచ్చేసరికి ఇది ఆకుకూర తింటే మీరు పాసు."

ఆ సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోయింది. ఈ వయసులో నాకు పరీక్ష పెట్టినవాళ్ళు ఇద్దరే, కళ్ళ డాక్టరూ మా అమ్మాయీ. రెండింటిలోనూ అక్షరాలు మసగ్గానే కనిపించాయి. ఎందుకంటే ఆకుకూరల విషయంలో పిల్లలకు నీతులు చెప్పే అర్హత భూమ్మీద ఎవరికైనా ఉందేమో గానీ నాకు మాత్రం లేదు. నిస్సీ అరచేతిలో ఉన్న ఆ మూడు పువ్వులే దానికి సాక్ష్యం.

మాది నరసాపురం పక్కన కాలవగట్టు మీది ఊరు. నాన్న మిషను బడిలో టీచరు. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నని కన్న మామ్మ, లిల్లీ అక్క, చివర నేను. పొద్దున్నే ఊకపొయ్యి పొగ, చింతపండు నానుతున్న పులుపు, పక్కింట్లో ఉప్పుచేప కాలుతున్న వాసన, ఈ మూడూ కలిసి నన్ను లేపేవి. వీధిలో ఆడవాళ్ళు పనులు తెముల్చుకుని, వసారాల్లో కాళ్ళు బారజాపి కూర్చుని లేసు అల్లేవారు. ఒక్కొక్క పువ్వూ విడివిడిగా అల్లేవాళ్ళది చేతిపని. ఇంటింటి నుంచి వచ్చిన ఆ పువ్వులన్నింటినీ కలిపి ఒక టేబుల్ క్లాత్‌గానో, పరుపు మీది దుప్పటిగానో అతికేవాళ్ళది అతుకుపని. మా అమ్మ సుందరమ్మది అతుకుపని. వీధి మొత్తంలో ఆమె అతుకు కనపడదని పేరు. ఆమెకు ఉన్న ఆస్తుల్లో నగల కంటే ఆ పేరే బరువైనది. లేసు పట్టుకునే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, ఆరబెట్టుకుని, మా ఇద్దరినీ "ఆమడ దూరంలో ఉండండి" అని హెచ్చరించి కూర్చునేది. అయిపోయినంత మేర మడతపెట్టి, దుమ్ము పడకుండా పాత తలగడ గలీబులో పెట్టి మంచం మీద ఉంచేది. ఈ గలీబు సంగతి మరవకండి. నేను మరచినందుకే ఈ కథ.

వంట మామ్మది. మామ్మ దృష్టిలో దేవుడు ఆరు రోజులూ ఆకులే చేశాడు, మిగతావన్నీ తీరిక దొరికినప్పుడు చేసుంటాడు. కాలవగట్టున పొన్నగంటి కూర, దడి మీద బచ్చలి, పెరట్లో మునగ, మళ్ళలో తోటకూర, ఎవరింటి దగ్గరో చుక్కకూర. ఏ ఆకు కనబడినా ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. ప్రతి ఆకుకీ ఒక ఉద్యోగం ఇచ్చింది. పొన్నగంటి కళ్ళకి, మునగాకు ఎముకలకి, బచ్చలి కడుపు చల్లదనానికి. "మరి తెలివికి ఏ ఆకు మామ్మా?" అని ఒకసారి అడిగాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "నీకు ఆకు సరిపోదురా. చెట్టు తినాలి" అంది. నాకేమో చుక్కకూర పట్టపగలే చుక్కలు చూపించేది. పాలకూరలో పాలు లేవని, పొన్నగంటిలో పొన్నూ లేదు గంటీ లేదని ఫిర్యాదు. నోట్లో కూరుతారు కాబట్టే దానికి కూర అని పేరొచ్చిందని ఆ వయసులోనే ఒక సిద్ధాంతం చేశాను. తెలుగు మాస్టారుని కాబోతున్న లక్షణాలు అప్పుడే పొడచూపాయన్న మాట.

మధ్యాహ్నం మామ్మ ఇత్తడి బేసినులో అన్నమూ కూరా ఒకటిగా కలిపి, అక్కనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతిలో ముద్దలు పెట్టేది. కంచాలుంటే ఎవరికి నచ్చనిది వాళ్ళు అంచుకి నెడతారు గదా. ముద్దలో అంచు ఉండదు. అంతా నడుమే. తినే ముందు ప్రార్థన చేయడం ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ వంతు, అంటే నాది. "ప్రభువా, అన్నం కోసం వందనాలు. చారు కోసం వందనాలు. మజ్జిగ కోసం వందనాలు. నిన్న తిన్న చేప కోసం కూడా వందనాలు. ఆమెన్" అనేవాణ్ణి.

"తోటకూర వదిలేశావు" అనేది మామ్మ కళ్ళు మూసుకునే.

"ఇష్టం లేనిదానికి వందనాలు చెబితే అబద్ధం అవదా మామ్మా?"

"ఏవండీ టీచరు గారూ, మీ అబ్బాయి సత్యసంధుడండీ" అనేది అమ్మ వసారాలోంచి, సూది ఆపకుండా.

సత్యసంధుణ్ణి అయినా, ముద్ద దాచడంలో మాత్రం ఆరితేరాను. చేతిలో ముద్ద పడగానే, మంచినీళ్ళ వంకతో పెరట్లోకి వెళ్ళి కోళ్ళకి వేసేవాణ్ణి. మా కోళ్ళు ఊళ్ళో ఏ కోళ్ళకీ లేనంత పుష్టిగా ఉండేవి. వాటి గుడ్లు నేనే తినేవాణ్ణి కాబట్టి, ఆకుకూర చుట్టుదారిలో నాకు చేరేదనే అనుకోవాలి. ఆకలి అన్న మాటలోనే ఆకు ఉంది గానీ, ఆకుని చూస్తే నాకు ఉన్న ఆకలి కూడా పోయేది.

ఒక శ్రావణమాసపు ముసురు రోజున ఈ ఏర్పాటు దెబ్బతింది. కోళ్ళని గంప కింద మూసి, ఆ గంపని వసారాలో మామ్మ పక్కనే పెట్టారు. ఆ రోజు కూర ఎర్ర తోటకూర. దాన్ని అన్నంలో కలిపితే బేసిను మొత్తం గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రబడుతుంది. రెండు ముద్దలు ఎలాగో మింగాను. మూడోది పిడికిట్లో పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాను. కిటికీ బయట వాన. మంచం మీద గోడవారగా రెండు తలగడలు. ముద్దని తాత్కాలికంగా ఒక తలగడ గలీబులో దూర్చి, వాన తగ్గాక తీసి కోళ్ళకి వేద్దామని నా ఆలోచన. గలీబు కాస్త మెత్తగా, పలచగా ఉందనిపించింది గానీ, పాత దూది అలాగే ఉంటుందిలే అనుకున్నాను. తలగడని తలగడగా గుర్తుపట్టడానికి కూడా కొంత తెలివి కావాలని, ఆ తెలివికి చెట్టు తినాలని మామ్మ ముందే చెప్పింది కదా. తర్వాత వీధి కాలవలో కాగితప్పడవలు వదలడానికి పోయాను. ముద్ద సంగతి ఆ పడవల్లోనే కొట్టుకుపోయింది.

వాన వెలిశాక ఇంటికొస్తే అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తెల్లటి లేసు, లేసు మధ్యలో ఎర్రటి మరక, మరక చుట్టూ అన్నం మెతుకులు. మర్నాడు సాయంత్రం ఏజెంటు కమలమ్మ గారు వచ్చి తీసుకెళ్ళాల్సిన టేబుల్ క్లాత్ అది. ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళు అల్లిన పువ్వులు, అమ్మ నెల రోజుల అతుకు. అది వెనక్కి వస్తే దెబ్బ అమ్మ ఒక్కదానికే కాదు, ఎనిమిది ఇళ్ళకి. పైగా సుందరమ్మ ఇంట్లో లేసుకి భద్రం లేదన్న మాట ఒకసారి పుడితే, రెండో ఆర్డరు ఆ గుమ్మం ఎక్కదు. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. అమ్మ అరవకపోవడం మాత్రం తెలిసింది. అరిచి ఉంటే బావుండేది. మెతుకులు ఒక్కొక్కటీ ఏరి పక్కన పెడుతూ, "నువ్వేనా?" అంది.

తోటకూర కాడలా వాలిపోయాను.

మామ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, "తోటకూర దొంగిలించిన నాడే తల్లి మందలించి ఉంటే అన్న సామెత ఊరికే పుట్టలేదు" అంది.

"ఆ నాడు ఇవాళే గదా మామ్మా. ఇంకా టైముంది" అంది లిల్లీ అక్క. అక్క అలాంటిది. నా కష్టాల్లో ఆమె నోరు బాగా పనిచేసేది.

నిమ్మకాయ రుద్దారు, సబ్బు పెట్టారు, గంజిలో ముంచారు. మరక ఎరుపు నుంచి గులాబీ రంగులోకి దిగింది గానీ ఇక కదలనంది. అమ్మ కాసేపు చూసి, చిన్న కత్తెర తీసుకుని, మరకపడిన మూడు పువ్వుల్నీ అతుకు దగ్గర కత్తిరించేసింది. టేబుల్ క్లాత్ నడుమ మూడు పళ్ళు ఊడిన నోరులా ఖాళీ. "ఈ పువ్వులు రత్నం పిన్ని అల్లినవి. వెళ్ళి ఏం చేశావో నువ్వే చెప్పి, రేపు మధ్యాహ్నానికి మళ్ళీ మూడు అల్లి ఇవ్వగలదేమో అడిగిరా" అంది.

రత్నం పిన్ని రెండిళ్ళ అవతల. వాన నీళ్ళలో ఆ రెండిళ్ళ దూరం నాకు నరసాపురం రేవు దాటినంత అయింది. పిన్ని వసారాలో కూర్చుని తోటకూరే బాగుచేసుకుంటోంది. చెప్పినదంతా విని, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, రెండూ చేసింది.

"ఏరా సన్నాసీ, కూర తినవా? తినకపోతే పోయావు, నా పువ్వులకి తినిపించావా?"

"తప్పయిపోయింది పిన్నీ."

"అల్లుతానులే. కానీ నా వేళ్ళు చూడు." చూపించింది. తోటకూర గిల్లి గిల్లి చివర్లు నల్లగా, ఆకుపచ్చగా ఉన్నాయి. "ఈ వేళ్ళతో తెల్లదారం ముట్టుకుంటే నీ తోటకూర ముద్దకీ నాకూ తేడా ఏముంటుంది? నేనిప్పుడే చేతులు తోముకుని సూది పట్టుకుంటాను. ఈ కూర నువ్వు బాగుచెయ్యి. ముదురుకాడ వేరు, లేతకాడ వేరు, పురుగు తిన్నది కోళ్ళకి. కూచో."

కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి మామ్మ కూడా చాటలో తోటకూర కట్టలు పెట్టుకుని ఎదురుచూస్తోంది. అమ్మ సూది కింద పెట్టే వీల్లేదు, మామ్మ కళ్ళకి సాయంత్రపు మబ్బులో పురుగు కనిపించదు, అక్కకి పరీక్ష. మర్నాడు బడి మానిపించి మరీ నా చేత రెండిళ్ళ కూర బాగుచేయించారు. అంతవరకు ఆకుకూరని నేను శత్రువులా దూరం నుంచి చూశానే తప్ప దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆకు వెనక ఈనె, గిల్లితే టప్పున విరిగే లేతకాడ, విరగకుండా సాగే ముదురుకాడ, వేళ్ళకి అంటే మట్టి వాసన. చాటెడు ఆకు గిల్లి మామ్మకిస్తే, దాకలో పడి పిడికెడయింది. "మిగతాది ఏమైంది మామ్మా?" అని నిలదీశాను. గంటసేపు నేను పడ్డ కష్టాన్ని ఆ దాక తినేసిందని నిజంగానే కోపం వచ్చింది.

మధ్యాహ్నానికి రత్నం పిన్ని మూడు పువ్వులూ తెచ్చింది. అమ్మ అతకడానికి కూర్చుంది. అన్నం వేళయింది. చెయ్యి ఎంగిలి చేసుకుంటే మళ్ళీ కడుక్కుని, ఆరబెట్టుకుని కూర్చోవాలి. ముసురులో చెయ్యి ఆరదు, తడిచెయ్యి లేసుకి తగలకూడదు. "నాకు తర్వాత పెట్టండత్తయ్యా" అంది అమ్మ. పొద్దున్నుంచీ ఆమె కడుపులో టీ తప్ప ఏమీ పడలేదు. మామ్మ బేసినులో అన్నం కలిపి, నా చేతిలో పెట్టి, "చేసినవాడే పెట్టాలి. వెళ్ళి మీ అమ్మకి పెట్టు" అంది.

ముద్ద చేసి అమ్మ నోటి దగ్గర పెట్టాను. అమ్మ సూది మీదినుంచి కళ్ళు ఎత్తకుండా పెదవులు బిగించి, మొహం పక్కకి తిప్పుకుంది. అచ్చం నాలాగే. ఇటు పెడితే అటు, అటు పెడితే ఇటు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"తినమ్మా. నేనే గిల్లాను. ఒక్క పురుగు కూడా లేదు."

"నాకొద్దు. పసరు వాసన."

"లేదమ్మా. బావుంది."

"బావుందని నీకెలా తెలుసు? తిన్నావా?"

తినలేదు. ఆ ముద్దని నా నోట్లోనే పెట్టుకున్నాను. అప్పటికప్పుడు తోటకూర అమృతంలా అనిపించిందని రాస్తే బావుంటుంది గానీ, సత్యసంధుడన్న బిరుదు ఒకటి ఉంది నాకు. తోటకూర తోటకూరలాగే ఉంది. కానీ నేను గిల్లిన తోటకూర. దాన్ని ఎవరైనా వద్దంటే ఊరుకోలేని స్థితికి వచ్చాను, నాతో సహా. మింగి, నోరు తెరిచి చూపించాను. అప్పుడు అమ్మ నోరు తెరిచింది. ఆమెకొకటి, నాకొకటి. సూది ఒక్కసారి కూడా ఆగలేదు. బేసిను ఖాళీ అయ్యేసరికి మూడు ఖాళీల్లో రెండు నిండాయి.

సాయంత్రం కమలమ్మ గారు వచ్చి, టేబుల్ క్లాత్ విప్పి, వెలుతురుకి పట్టి, వెనక్కి తిప్పి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏంటి సుందరమ్మా, నిమ్మకాయ వాసనొస్తోంది?" అన్నారు.

"ముసురు కదండీ, బట్ట ముక్కవాసన వేస్తుంది" అంది అమ్మ.

అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు. కమలమ్మ గారు ఇంకాసేపు చూసి, అతుకు ఎక్కడా దొరక్క, మడత పెట్టేసుకున్నారు. గుమ్మం వెనక నుంచి నేను ఊపిరి వదిలాను. నా పక్కన మామ్మ కూడా వదిలింది.

ఆ రోజుతో శిక్ష పూర్తయిందనుకున్నాను. కాలేదు. ఆర్డరు దగ్గరపడిందంటే చాలు, రత్నం పిన్ని తోటకూర కట్ట పట్టుకుని మా వసారాకి వచ్చేది. ఆమెని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి వేరొకరు. మా వీధిలో అంతవరకు చేతిపని, అతుకుపని అని రెండే పనులుండేవి. నాతో ఆకుపని అనే మూడోది పుట్టింది. బడికెళ్తే స్నేహితులు "ఏరా, కట్టకి ఎన్ని కాడలు?" అని ఏడిపించేవారు. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి ఏమొచ్చని అటువాళ్ళు అడిగితే, బీయే సంగతి పక్కన పెట్టి, "మునగాకు దూయడం మావాణ్ణి చూసి నేర్చుకోవాలండి" అంది అమ్మ. మా ఆవిడ ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నానని ఇప్పటికీ అంటుంది. ఆమె నరసాపురం పిల్లే, చేతిపని తెలిసినదే. మంచి బేరమే కుదిరిందనుకుని ఉంటుంది.

ఆ మూడు పువ్వుల్నీ అమ్మ పారేయలేదని మాత్రం నాకు నిన్నమొన్నటి దాకా తెలియదు. పాటల పుస్తకంలో దాచుకుని, ప్రతి ఆదివారం చర్చిలో ఆ పేజీలు తిప్పుతూ, నా తోటకూరని చూసుకుంటూ పాడి ఉంటుంది. నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నిస్సీకి ఈ కథ మొత్తం చెప్పాను. కళ్ళు ఇంతలేసి చేసుకుని వింది. మాస్టారుగా నా అనుభవంలో పిల్లలు అంత శ్రద్ధగా విన్నారంటే పాఠం తలకెక్కినట్టే. ఎక్కింది కూడా. ఆ మధ్యాహ్నం మా ఆవిడ పాలకూర పప్పన్నం కలిపి ముద్దలు పెట్టింది. పిల్ల చక్కగా లేచి వెళ్ళి వచ్చి, లేచి వెళ్ళి వచ్చి, కంచం ఖాళీ చేసింది. నేను శాంతికి ఫోను చేసి "పాసయ్యానమ్మా" అని చెప్పాను కూడా. తర్వాత పడుకుందామని తలగడ మీద తల ఆనిస్తే చెవి కింద చల్లగా తగిలింది. గలీబులోంచి మూడు ముద్దలు బయటపడ్డాయి.

"ఏంటమ్మా ఇది?"

"నీ కథలో ఉందిగా తాతయ్యా. మన ఇంట్లో కోళ్ళు లేవు."

ఆ తలగడ గలీబు ఉతకడానికి వేస్తూ ఆలోచనలో పడ్డాను. మా రోజుల్లో పిల్లలు ఆకుకూరని పెద్దల నుంచి దాచేవారు. ఇప్పుడు పెద్దలు పిల్లల నుంచి దాస్తున్నారు. దాచడం మాత్రం మారలేదు. మాకు ఆకు చెట్టుకీ గట్టుకీ కనబడేది. నిస్సీకి అది ఫ్రిజ్‌లోంచి కవరులో వస్తుంది, మిక్సీలోకి వెళ్తుంది, మారువేషంలో కంచానికి దిగుతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఇంట్లోకి రానివ్వవద్దని చెప్పేదీ మనమే గదా. అప్పుడు అన్నీ బావుండేవని మాత్రం అనను. ముసురు పట్టిన పూట అందరికీ ఆకు ఒక్కటే గతయిన రోజులు కూడా అవే. శాంతి మిక్సీ తిప్పడంలో ఉన్న ప్రేమ మామ్మ బేసినులో ఉన్నదానికి తక్కువేమీ కాదు. అయితే మామ్మ చేసిన ఒక పని మా అమ్మాయి చేయలేదు. కూర బాగుచేయడం పిల్లకి అప్పగించలేదు.

మర్నాడు వీధిలో కూరల బండి ఆగినప్పుడు నిస్సీ చేతే ఎర్ర తోటకూర ఎంచించాను. చాట ముందు పెట్టుకుని ఇద్దరం వసారాలో కూర్చున్నాం. ముదురుకాడ వేరు, లేతకాడ వేరు. మొదట పావుగంట విసుక్కుంది. తర్వాత పురుగు కనిపించింది. పురుగు కనిపించాక పిల్లల్ని చాట దగ్గరనుంచి లేపడం ఎవరి తరం? ఈలోగా నేను లోపలికి వెళ్ళి మా ఆవిడతో రహస్య ఒప్పందం చేసుకున్నాను. నువ్వు లేసు పట్టుకుని కూర్చో, చేతులు ఖాళీ లేవని చెప్పు, పిల్ల ముద్ద పెడుతుంది, నువ్వు నోరు బిగించి మొహం తిప్పుకో, మా అమ్మలాగ. ఆవిడ సరేనంది.

అన్నీ అనుకున్నట్టే జరిగాయి, ఒక్కటి తప్ప. నిస్సీ ముద్ద పెట్టింది. మా ఆవిడ నోరు తెరిచింది. నేను దూరం నుంచి సైగ చేశాను. ఇంకో ముద్ద. ఇంకోసారి తెరిచింది. మా ఆవిడకి షుగరు. అన్నం వేళ దాటితే ఆమెకి ఒప్పందాలు గుర్తుండవు. నా పథకం నా కళ్ళముందే, ముద్ద ముద్దగా, ఆమె గొంతులోకి దిగిపోతోంది. గిన్నె అడుగు కనిపించేసరికి నిస్సీ చెయ్యి ఆగింది.

"అమ్మమ్మా, అంతా నువ్వే తినేస్తావా?"

"బావుందే తల్లీ. ఎవరు గిల్లారో గానీ."

"నేనే గిల్లాను. ఇంత చాట గిల్లాను. నాకేది?" అని, గిన్నె వెనక్కి లాక్కుని, అడుగున మిగిలిన రెండు ముద్దలూ గబగబా నోట్లో పెట్టుకుంది. పెదవుల చుట్టూ ఎరుపు. మా ఆవిడ నావైపు చూసి, ఒప్పందం గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. నేను మాత్రం మా వీధి ఆకుపనికి వారసురాలు దొరికిందని ఆనందంలో ఉన్నాను.

పదో రోజు శాంతి వచ్చింది. ఫోనులో ముందు పాసయ్యానని చెప్పి, మళ్ళీ ఫెయిలయ్యానని చెప్పి ఉండటంతో నా ఫలితం మీద ఆమెకు నమ్మకం లేదు. అన్నాల దగ్గర కూర్చున్నాం. మధ్యలో గిన్నెలో తోటకూర పులుసు, ఎక్కడా దాచకుండా, ఆకు ఆకులాగే. ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి ప్రార్థన నిస్సీ వంతు. కళ్ళు మూసుకుని, వేళ్ళ చివర్లు ఇంకా నల్లగా ఉన్న చేతులు జోడించింది.

"ప్రభువా, అన్నం కోసం వందనాలు. మామిడిపండు కోసం వందనాలు. అమ్మ వచ్చినందుకు వందనాలు. నేను గిల్లిన తోటకూర కోసం వందనాలు. అమ్మమ్మ కొంచెం తక్కువ తినేలా చెయ్యి ప్రభువా. ఆమెన్."